సముద్రంలో పారేసి రావాల్సిన పేరు

కొమురెల్లి పుట్టడమే ఎక్స్‌ట్రాగా పుట్టాడు. కమాన్‌పూర్‌లో వాళ్లమ్మ పోశవ్వకు పురుడు పోసిన మంత్రసాని ఆడపిల్లను బయటికి తీసి, చేతులు కడుక్కొని, వక్కపలుకు బుగ్గన పెట్టుకొని గడప దాటింది. లోపలినుంచి పోశవ్వ మళ్లీ కేకేసింది. "ఓ అవ్వా, యాడికి పోతున్నవ్? ఇంకోటున్నట్టున్నది!" మంత్రసాని వక్క ఉమ్మేసి ఉరికొచ్చింది. అట్లా వచ్చినవాడు మన కొమురెల్లి. పుట్టబోయే బిడ్డకని దాచిన మెత్తటి పాతచీర అప్పటికే అక్క సారక్కకు చుట్టేశారు. ఈయనకు తండ్రి తలగుడ్డ దక్కింది.

బడిలో కబడ్డీ జట్టుకు ఏడుగురు కావాలి. కొమురెల్లి ఎనిమిదోవాడు. పెద్దయి గని జట్టులో చేరినా అదే కథ. ఆడేవాళ్ల చొక్కాలు, చెప్పులు, వాచీలు ఒళ్లో పెట్టుకొని ఏళ్ల తరబడి గీత బయట కూర్చున్నాడు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆయన కాపలాలో ఒక్క వాచీ పోలేదు. క్రీడారంగంలో ఆయన పేరున ఉన్న రికార్డు అదొక్కటే.

పేరు పెట్టింది సంపత్. ఇద్దరిదీ ఒకే గని, ఒకే షిఫ్టు. కూతకు పోతే ముగ్గురిని ముట్టుకొని గానీ వెనక్కి రాని మొనగాడు సంపత్. ఒకనాడు ఆటకు దిగుతూ, "అరే ఎక్స్‌ట్రా, నా వాచీ పట్టు" అన్నాడు. అంతే. వారం తిరక్కముందే గనిలో, క్వార్టర్లలో, గోదావరిఖని చౌరస్తాలో అందరికీ ఆయన ఎక్స్‌ట్రా కొమురెల్లి అయిపోయాడు. కోపం రాలేదా అంటే వచ్చింది. కాకపోతే ఆయనకు కోపం రావడానికి చాలాసేపు పడుతుంది. వచ్చేసరికి అన్నవాళ్లు ఇళ్లకు పోయి అన్నం తింటూ ఉంటారు.

మనిషి ఆజానుబాహువు. కూర్చుంటే లేవడానికి, లేస్తే మళ్లీ కూర్చోవడానికి కొంచెం ఆలోచిస్తాడు. కానీ భూమి కిందికి దిగాడా, అక్కడ వేరే కొమురెల్లి. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడం ఆయన పని. కప్పును కర్రతో కొట్టి చెవి పెట్టి వినాలి. గట్టిగా మోగితే సరే. బోలుగా మోగిందా, అందరినీ వెనక్కి పంపాలి. ఆ పనిలో కొత్తగా చేరినవాడికి ముసలి పనివాళ్లు ఒక పాఠం నేర్పుతారు. కప్పు కూలి ఎవడన్నా కిందపడితే చేతిలో ఏమున్నా కింద పెట్టు. విసరొద్దు, ఇంకొకడికి తగుల్తది. పెట్టి, చెయ్యి కనబడ్డ దగ్గరికి పో. పైనున్నది ముందు తియ్యి. అందరూ లెక్కకు వచ్చేదాకా ఒక్కడు కూడా పైకి ఎక్కొద్దు. ఈ పాఠం కొమురెల్లికి సర్వీసులో రెండుసార్లు పనికొచ్చింది. రెండుసార్లూ మనుషులు బతికే బయటపడ్డారు. దాని గురించి ఆయన ఎక్కడా చెప్పుకోలేదు. అడిగినవాళ్లు కూడా లేరు. అడగడానికి అదేమన్నా కబడ్డీయా!

ఇక ఆయన భార్య జమున. ఈ పేరు వల్ల అసలు నలిగిపోయింది ఆమె. కూరగాయలకు పోతే అమ్మేవాడు "ఎక్స్‌ట్రా వదినా, నీకు రెండు మిరపకాయలు ఎక్స్‌ట్రా" అని గంపలో వేసి పళ్లికిలించేవాడు. ఆ మిరపకాయలు ఆమె వాడి మొహాన కొట్టని రోజు లేదు. పుట్టింటికి పోతే ఇంకా ఘోరం. బెల్లంపల్లిలో తండ్రి ఎల్లన్న, రిటైరైన గని కార్మికుడు, నోరు విప్పితే చిన్నల్లుడి మీద ఏదో ఒకటి అనకుండా మూసేవాడు కాదు.

ఎల్లన్న కుడికాలు మడవదు. ఎప్పుడో కప్పు కూలి కూరుకుపోతే ఎవరో చెయ్యి పట్టి గుంజారు. చీకట్లో, దుమ్ములో ఆ పట్టినవాడి మొహం కనబడలేదు. తర్వాత వాకబు చేస్తే "నేనే" అని చెప్పి కల్లు తాగిపోయినవాళ్లు నలుగురు తేలారు. నలుగురూ ఒకే చెయ్యి ఎట్లా పడతారు? అసలు మనిషెవరో తెలియకుండానే ఎల్లన్న ముసలివాడైపోయాడు. మడవని కాలుతో కింద కూర్చోలేడు కాబట్టి ఆ ఇంట్లో చేతుల కుర్చీ ఆయనది. ఆయన తప్ప దానిలో ఇంకెవరూ కూర్చోరు. రెండో కుర్చీ బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే పెద్దల్లుడు జైపాల్‌ది. కొమురెల్లి వస్తే అత్త లస్మవ్వ పక్కింటికి పోయి స్టూలు అడిగి తెచ్చేది.

"ఎక్స్‌ట్రా అల్లునికి ఎక్స్‌ట్రా స్టూలు!" అని ఎల్లన్న చేతులు చరిచి నవ్వేవాడు. ఆ స్టూలు మీద కొమురెల్లి సగం మాత్రమే పట్టేవాడు. మిగతా సగం గాల్లోనే ఉండేది. జమునకు వంటింట్లో కళ్లు మండేవి, పొయ్యి వెలిగించకముందే.

తెలంగాణ వచ్చేదీ రానిదీ ప్రతి చాయ్ హోటల్లో రోజూ తేల్చిపారేస్తున్న కాలం అది. ఆ రోజుల్లో రిచర్డ్ సారు ఒక వింత ఆటను గోదావరిఖనికి మోసుకొచ్చాడు. రిచర్డ్ సారు మిషన్ స్కూల్లో ఆటలు నేర్పేవాడు. వాళ్ల నాన్న గని ఆఫీసులో క్లర్కుగా చేశాడు. సారుకు ఉన్న ఒకే ఒక జబ్బు, ప్రపంచంలో ఏ మూల ఏ ఆట ఉన్నా దాన్ని మనవాళ్ల చేత ఆడించాలనుకోవడం. ఈసారి రగ్బీ లీగ్.

"పదముగ్గురు ఈ దిక్కు, పదముగ్గురు ఆ దిక్కు. బాల్ పట్టుకొని ఉరికి అవతలి గీత దాటి నేలకు ఆనించాలె. అడ్డమొచ్చినోడు నిన్ను పట్టి పడగొడతడు" అని సారు గ్రౌండులో అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"అంటే కబడ్డీయే గద సార్" అన్నాడు సంపత్.

"సగం కబడ్డీయే. కాకపోతే బాల్‌ను ముందటికి విసరొద్దు. ఎనకకే విసరాలె. మనిషి ముందటికి పోవాలె."

ఇదేం తిరకాసు ఆట అని అందరూ మొహాలు చూసుకున్నారు. బంతి చూస్తే గుండ్రంగా కూడా లేదు, బొప్పాయిలా ఉంది. ప్రాక్టీసు మొదటిరోజు సంపత్ బంతి పట్టుకొని మెరుపులా దూసుకెళ్లి, ఎదుటివాళ్లలో ముగ్గురిని ముట్టుకొని, అంతే వేగంగా వెనక్కి ఉరికొచ్చి సొంత గీత దాటి, మూడు పాయింట్లని చెయ్యెత్తాడు. రిచర్డ్ సారు తలపట్టుకున్నాడు.

హైదరాబాద్‌లో దేశం జట్టును ఎంచుతున్నారు, మొట్టమొదటిసారి సముద్రం దాటి ఫిజీ దీవులకు పోయి ఆడే జట్టు. సంపత్‌ను తీసుకొని సారు బయల్దేరాడు. సంచులు చూసుకోవడానికి కొమురెల్లి కూడా వెంట పోయాడు. ఆ పనికి ఆయన్ను మించినవాడు లేడు కదా.

అక్కడ పరీక్ష ఏమిటంటే, ఒకడు ఉరికొచ్చి ఇంకొకడిని గుద్ది పడగొట్టాలి. పంజాబ్ నుంచి వచ్చిన ఒక వస్తాదు ఉరికి ఉరికి, ఆగలేక, గీత బయట సంచుల మీద కూర్చున్న కొమురెల్లి మీదికి పోయాడు. వస్తాదు వెల్లకిలా పడ్డాడు. కొమురెల్లి సంచులు సర్దుకున్నాడు.

"ఎవరాయన?" అని ఎంచేవాళ్లు అడిగారు.

"ఆయన ఎక్స్‌ట్రా సార్" అన్నాడు సంపత్, అలవాటు కొద్దీ.

"సరే, ఎక్స్‌ట్రాగానే తీసుకుందాం" అన్నారు వాళ్లు.

అట్లా సంపత్‌తో పాటు కొమురెల్లి కూడా దేశం జట్టులో చేరాడు. ఆట నేర్పే సారుగా రిచర్డ్ సారునే వెంట పంపారు. వార్త విని గోదావరిఖని సగం సంబరపడింది, సగం నవ్వింది. జమున రెండూ చెయ్యలేదు. బయల్దేరే రోజు ఆమె సంచిలో సకినాలు, మామిడికాయ తొక్కు పెట్టి, మూతి బిగించి కట్టి, మొగుడి ఎదురుగా నిలబడింది.

"ఇగో, ఇను. గీ ఊళ్ల గీత బయట కూసున్నవ్, ఊకున్న. గంత దూరం పోయి ఆడ గూడ గీత బయట్నే కూసుంటే నేను మొఖం యాడ పెట్టుకోవాలె? ఒక్కపారి దిగు. ఒక్కటంటే ఒక్కపారి బాల్ పట్టుకొని గా గీత దాటు. గా దిక్కుమాలిన పేరును ఆడనే సముద్రంల పారేసి రా. పారెయ్యకుంటే ఇంటికే రాకు."

"పారేస్త" అన్నాడు కొమురెల్లి. ఆయన ఏనాడూ ఏదీ ఒట్టేసి చెప్పే మనిషి కాదు. ఆ మాట మాత్రం ఒట్టులాగే అన్నాడు. లోపల ఆయనకూ అంతే కోరిక ఉంది మరి. తలగుడ్డలో చుట్టిన రోజు నుంచీ ఉంది.

మూడు విమానాలు మారి ఫిజీ చేరారు. ఎటు చూసినా చెరకుతోటలు, వాటి వెనక సముద్రం. ఆ మనుషుల సైజు చూసి మనవాళ్లకు నోట్లో తడి ఆరిపోయింది. ఒక్కొక్కడు గనిలో పట్టాల మీద నడిచే బొగ్గు టబ్బంత ఉన్నాడు. అంత మనుషులూ చంటిపిల్లల్లా నవ్వుతారు. ఆటకు ముందు గుండ్రంగా నిలబడి దేవుడి పాట పాడతారు. రిచర్డ్ సారు ఆ రాగం గుర్తుపట్టి, మన జట్టు సారన్న సంగతి మరచి వాళ్లతో గొంతు కలిపాడు. స్వాగతానికని కొబ్బరిచిప్పలో కావా అని ఏదో పోసి ఇచ్చారు. చూడ్డానికి మట్టినీళ్లు. తాగితే నాలుక మొద్దుబారింది. సంపత్ ఇది కల్లుకు ఏమాత్రం సరిరాదని తీర్పు చెప్పి, ఆ తీర్పు సరైనదో కాదో చూడ్డానికి ఇంకో మూడు చిప్పలు తాగాడు.

మొదటి ఆట ఓడిపోయారు. ఎంత తేడాతో అని అడక్కండి, లెక్కపెట్టేవాడే విసుక్కున్నాడు. రెండోదీ అంతే. రెండింటిలోనూ కొమురెల్లి గీత బయటే ఉన్నాడు, నీళ్ల సీసాలు, వాచీలు, ఒకాయన పెట్టుడు పన్ను ఒళ్లో పెట్టుకొని. రోజూ జమున ఫోను.

"దిగినవా?"

"ఇంకా దిగలే."

"ఎప్పుడు దిగుతవ్?"

"సారు చెప్పాలె గదనే."

"సారుకు ఇయ్యి ఫోను!"

కొమురెల్లి ఫోను సారుకు ఇవ్వలేదు. లైను కట్టయిందని చెప్పాడు. ఇవతల గట్టున కూర్చొని చాలాసేపు సముద్రం వైపు చూశాడు. పేరు పారెయ్యడానికి కావలసినంత సముద్రం ఉంది, దిగనిచ్చే నాథుడే లేడు.

ఆఖరి ఆట లౌటోకా అనే ఊళ్లో, చెరకు మిల్లు పనివాళ్ల జట్టుతో. వాళ్లూ షిఫ్టు దిగి వచ్చినవాళ్లే, అలసిపోయి ఉన్నారు. మనవాళ్లకు ఆట కొంచెం పట్టుబడింది. ఏం విచిత్రమోగాని, ఆట ముగిసే వేళకు మనవాళ్లు రెండంటే రెండు పాయింట్లే వెనక. ఒక్కసారి గీత దాటితే గెలుపు మనదే. దేశం జట్టు సముద్రం అవతల గెలిచే మొదటి ఆట అదే అవుతుంది. సరిగ్గా అప్పుడే మనవాడొకడు కాలు మడతపడి కూలాడు. రిచర్డ్ సారు బెంచీ వైపు తిరిగాడు. ఇద్దరికి కావా పడక కడుపు పాడైంది. ఒకరికి మోచెయ్యి వాచింది. మిగిలింది కొమురెల్లి. సారు ఆయన్ను చూశాడు. ఆయన వెనక ఇంకెవరన్నా ఉన్నారేమోనని వెనక్కి కూడా చూశాడు. ఎవరూ లేరు.

"కొమురెల్లీ, దిగు."

కొమురెల్లికి వినబడింది కానీ నమ్మకం కుదరలేదు. "నేనా సార్?"

"నువ్వే. జల్ది!"

ఒళ్లో ఉన్న వాచీలు ఎవరికివ్వాలో తెలియక వాటిని సారు చేతిలోనే పోసి, ఆయన గీత దాటి లోపలికి అడుగు పెట్టాడు. గడ్డి ఇంత మెత్తగా ఉంటుందని బయట కూర్చున్నన్నాళ్లు తెలియలేదు.

బంతి సంపత్‌కు దొరికింది. సంపత్ ఒకడిని తప్పించాడు, ఇద్దరిని తప్పించాడు. ఫిజీ వాళ్లంతా వాడి మీదికే ఉరికారు. ఒకడు నడుం పట్టాడు, ఒకడు మెడ పట్టాడు, మిగతావాళ్లు పైన పడ్డారు. పడిపోతూ పడిపోతూ సంపత్ బంతిని వెనక్కి విసిరాడు. అది సూటిగా వచ్చి కొమురెల్లి పొట్టకు తగిలి చేతుల్లో ఆగింది.

ఎదురుగా ఒక్క పురుగు లేదు. అందరూ ఆ కుప్పలోనే ఉన్నారు. తెల్లగీత అల్లంత దూరంలో ఉంది. ఎద్దు నడక నడిచినా దాటొచ్చు. మనవాళ్లంతా గొంతులు చించుకుంటున్నారు. "ఉరుకు! కొమురెల్లీ, ఉరుకు!" ఎక్స్‌ట్రా అని ఒక్కడు కూడా అనలేదు. ఇంకా గీత దాటకముందే ఆ పేరు ఊడిపోతోంది.

కొమురెల్లి రెండడుగులు ఉరికాడు కూడా. అప్పుడు కుప్ప వైపు చూశాడు. చూడకపోతే బాగుండేది. అంత పెద్ద కుప్ప అడుగునుంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఉంది, అరచెయ్యి పైకి. అది సంపత్ చెయ్యి. కదలడం లేదు.

ఇక ఆయనకు ఏ అరుపూ వినబడలేదు. చేతిలో ఉన్నదాన్ని కింద పెట్టాడు. విసర్లేదు. వంగి, దొర్లిపోకుండా సర్ది, జాగ్రత్తగా పక్కన పెట్టాడు. పెట్టి వెనక్కి ఉరికాడు.

"ఎవ్వరు కదలకుండ్రి!" అని ఒక్క కేక పెట్టాడు. గని లోపల నాలుగు సొరంగాల అవతలికి వినబడే కేక అది. తెలుగు రాకపోయినా ఫిజీ వాళ్లు ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయారు. కొమురెల్లి అన్నిటికన్నా పైనున్నవాడిని చంకల కింద చేతులు పెట్టి లేపి పక్కన కూర్చోబెట్టి, తల తడిమి, "ఒకటి" అన్నాడు. రెండోవాడిని లేపాడు. "రెండు." తాము ఆటకు ముందు దేవుడి పాట పాడినట్టే ఇది ఇండియావాళ్ల ఆచారం కాబోలనుకున్నారు ఆ పుణ్యాత్ములు. మర్యాదగా ఒకడి తర్వాత ఒకడు చేతులు చాపి లేపించుకున్నారు. టబ్బంత మనిషి ఒకడు, లేచి కూర్చున్నాక, "వినాకా" అని కూడా అన్నాడు. అంటే వాళ్ల భాషలో థాంక్స్ అని.

ఈలోగా కుప్పలోంచి లేపించుకున్న ఒక బక్కపల్చటి ఫిజీ ఆటగాడు గడ్డిలో పద్ధతిగా పెట్టి ఉన్న బంతి దగ్గర నిలబడ్డాడు. బంతిని చూశాడు. రిఫరీని చూశాడు. రిఫరీ నోట్లో విజిల్ ఉంది గానీ, ఏ తప్పుకు ఊదాలో ఆయనకు తోచలేదు. బక్కాయన బంతి తీసుకొని మొదట మెల్లగా నడిచాడు. ఎవరూ ఆపలేదు. తర్వాత ఉరికాడు. గ్రౌండు మొత్తం ఒక్కడే ఉరికి మన గీత దాటి బంతి ఆనించాడు. మనవాళ్లు ఒక్కరు కూడా అటు చూడలేదు. అందరూ నోళ్లు తెరిచి కొమురెల్లినే చూస్తున్నారు.

ఆఖరుకు సంపత్ బయటపడ్డాడు.

"ఊపిరి ఆడుతున్నదారా?" అని కొమురెల్లి వాడి మొహం మీది మట్టి తుడిచాడు.

"ఆడుతున్నది, నాకేమైంది, మంచిగనే ఉన్న! బాల్ ఏది?"

"కింద పెట్టిన."

"కింద..." సంపత్ అవతలి గీత వైపు చూశాడు, ఇవతలి గీత వైపు చూశాడు. చూసి, ఈసారి తనంతట తానే గడ్డిలో వెల్లకిలా పడుకున్నాడు.

రిచర్డ్ సారు నీళ్ల డబ్బా మీద కూర్చుండిపోయాడు. "ఎందుకు, కొమురెల్లీ?" అని మాత్రం అడిగాడు.

"చెయ్యి కనబడ్డది సార్."

ఆ తర్వాత గుర్తొచ్చింది. జమున గుర్తొచ్చింది. గీత గుర్తొచ్చింది. ఇన్నేళ్లకు ఒక్కసారి దిగనిస్తే చేతులారా పాడుచేసుకున్నానే అని ఆ పెద్దమనిషి బట్టలు మార్చుకునే గదిలో మూలకు తిరిగి నిలబడి ఏడ్చాడు.

ఆరోజు జమున ఫోను రానే వచ్చింది.

"దిగినవా?"

"దిగిన."

ఆ ఒక్క మాటకు అవతల ఎంత కేక వేసిందంటే, ఫోను చెవికి దూరం పెట్టాల్సి వచ్చింది. "బాల్ పట్టినవా?" "పట్టిన." "మరి గీత?" "జమునా, లైను కట్టయితున్నదే" అన్నాడు. ఆయన జీవితంలో ఆడిన అబద్ధాలన్నీ ఫోను లైను మీదే ఆడాడు.

జమున ఊరుకుంటుందా! క్వార్టర్ల లైను మొత్తానికి లడ్డూలు పంచింది. కూరగాయలవాడి ముందు నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడి, "ఇగ మీదంగ కొమురెల్లన్న అనాలె, ఇన్నవా?" అని హెచ్చరించింది. వాడు భయపడి మిరపకాయలు మామూలుగా తూచాడు. కొమురెల్లి దిగొచ్చేసరికి స్టేషన్లో డప్పులు. మెడలో బంతిపూల దండ. దండ కింద ఆయన చెమటలు కక్కుతూ, నిజం ఎట్లా చెప్పాలా అని నడుస్తున్నాడు. ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. సంపత్ చేత మాత్రం వాళ్లమ్మ మీద ఒట్టు వేయించుకున్నాడు, నోరు విప్పనని.

ఆదివారం ఎల్లన్న బెల్లంపల్లికి రమ్మని కబురు పెట్టాడు. మేకను కోశారు. కల్లు కుండలు దించారు. వాడలో ఉన్న రిటైరైన గని కార్మికులంతా వాకిట్లో చేరారు. అన్ని ఆటలూ ఆడి వచ్చిన సంపత్ ముఖ్య అతిథి కాబట్టి జైపాల్ లేచి వాడికి రెండో కుర్చీ ఇచ్చాడు. కొమురెల్లికి లస్మవ్వ పక్కింటి స్టూలు తెచ్చింది.

"అవ్వా, గాయన ఆడొచ్చిండు గద" అంది జమున గొంతు పెంచి. లస్మవ్వ ఏం చెయ్యాలో తెలియక కూతుర్నీ, స్టూల్నీ, కుర్చీలో ఉన్న అతిథినీ చూసింది. కొమురెల్లి గబుక్కున స్టూలు మీద కూర్చున్నాడు, ఆయన పట్టినంత వరకు.

ఒట్టు మూడో గ్లాసు దాకా నిలబడింది. నాలుగో గ్లాసుకు సంపత్ లేచి, "కాకా, మనోడు దిగిన కథ చెప్తా ఇనుండ్రి" అన్నాడు. కొమురెల్లి కళ్లతోనే దండం పెట్టాడు. కల్లు ముందు ఆ దండం ఏపాటి! సంపత్ ఆడి చూపించాడు. తాను ఎట్లా పడ్డాడో, బాల్ ఎట్లా విసిరాడో, ఎదురుగా గీత ఎట్లా ఖాళీగా ఉందో. ఒక చెంబు తీసుకొని, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు నేల మీద సర్ది పెట్టి, "గిట్ల పెట్టిండు కాకా బాల్‌ను!" అన్నాడు. వాకిలంతా పగలబడి నవ్వింది. జైపాల్‌కు కల్లు పొలమారింది. "ఒకటి, రెండు అని లెక్కపెడుతున్నడు! వాళ్లేమో మన బాల్ పట్టుకొని పోతున్నరు!"

జమున నవ్వలేదు. గడపలో నిలబడి మొగుడిని చూసింది. లడ్డూలు, డప్పులు, కూరగాయలవాడు, అన్నీ ఆమె మొహంలో ఒక్కసారిగా చల్లబడ్డాయి.

"గీత ఖాళీగ ఉండెనా?" అంది.

"ఉండె" అన్నాడు కొమురెల్లి, తల వంచుకొని.

నవ్వనిది ఇంకొకరు కూడా ఉన్నారు. ఎల్లన్న. ఎప్పుడూ అందరికన్నా ముందు చేతులు చరిచే మనిషి, గ్లాసు పక్కన పెట్టి ముందుకు వంగాడు.

"అల్లుడా, చెయ్యి కనబడ్డదా?"

"కనబడ్డది మామా."

"కదిలిందా?"

"కదల్లే."

వాకిట్లో నవ్వు ఒక్కొక్కరి దగ్గరే తగ్గింది. అందరూ గనిలో బతుకు వెళ్లదీసినవాళ్లే. ఒక ముసలాయన తన మోకాలు నిమురుకున్నాడు. చెంబు పట్టుకొని సంపత్ అట్లాగే నిలబడిపోయాడు.

"అందరు బయటికొచ్చిన్రా?" అని ఎల్లన్న అడిగాడు. ఆటలో అడిగే ప్రశ్న కాదది. అయినా అక్కడ ఎవరికీ వింతగా అనిపించలేదు.

"అందరొచ్చిన్రు మామా. లెక్క సరిపోయింది. ఆఖర్న సంపత్."

ఎల్లన్న చేతుల కుర్చీ పట్టుకొని లేచాడు. మడవని కాలుతో లేవడం ఆయనకు పెద్ద పని. లస్మవ్వ కర్ర అందించబోతే వద్దన్నాడు.

"గీ కుర్చీల కూసో అల్లుడా."

"వద్దు మామా, నాకు స్టూలు చాలు. నీ కాలు..."

"కూసోమన్న గద! నా కాలు సంగతి నాకు తెల్వదా?" అని గద్దించాడు. "నేను కూరుకపోయిన్నాడు నా చెయ్యి పట్టినోడెవడో నాకు ఇప్పటికి తెల్వది. ఆడు గూడ చేతిల ఉన్నది ఏదో కింద పెట్టే వచ్చి ఉంటడు. ఏం పెట్టొచ్చిండో నేను అడగనే లేదు."

కొమురెల్లి కూర్చున్నాడు. ఆ కుర్చీలో ఆయన మొత్తం పట్టాడు. ఎల్లన్న గోడకు ఆనుకొని నిలబడ్డాడు. సంపత్ తన కుర్చీని మోసుకొచ్చి ముసలాయన వెనక పెట్టి, తాను పోయి స్టూలు మీద కూర్చున్నాడు.

జమున లోపలికి పోయి, కూర గిన్నె తెచ్చి, మొదటి ముక్కలు మొగుడి పళ్లెంలో వేసింది. గరిటె ఇంకా కోపంగానే తగిలింది పళ్లేనికి.

"పారేసి రమ్మన్న పేరును మళ్ల ఎంట తెచ్చుకున్నవ్ గద?"

"తెచ్చుకున్న" అన్నాడు కొమురెల్లి భయంభయంగా.

జమున కొంగుతో కళ్లు తుడుచుకొని ఇంకో గరిటె వేసింది. "సరే, ఉండనియ్యి" అంది.